మధుమేహి ఆకలి – మన విస్తరి

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది మన పెద్దల సామెత. ఆకలిగొన్నవాడు ఎదుట ఉన్నది ఏమిటని విచారించడు. దొరికినదానితో కడుపు నింపుకొని తృప్తి చెందుతాడు. ఆరోగ్యవంతుని విషయంలో ఈ స్వభావం వలన హాని లేదు. కాని ఆకలి వేసిన ప్రతిసారీ ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎప్పుడు తినవలెను అని లెక్క చూసుకొనక తప్పని వారు మన ఇండ్లలోను, వీధులలోను, తరగతి గదులలోను ఎందరో ఉన్నారు. వారు మధుమేహులు. వారి ఆకలిని గూర్చి లోకం మాట్లాడే తీరు న్యాయమైనది కాదని, ఆ ఆకలిని సంబాళించుకొను భారాన్ని వారి ఒక్కరి తలపైననే మోపి మిగిలినవారు చేతులు దులుపుకొనుట తగదని మా అభిప్రాయం. విద్యార్థులు, కళాశాల పాలకవర్గం వారు కూడ దీనిని గూర్చి ఆలోచించవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. భారత వైద్య పరిశోధనా మండలి సహాయంతో దేశమంతట జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. ఆ లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. మరి 13 కోట్లకు పైగా మనుషులు ఆ వ్యాధి గడపలో నిలబడి ఉన్నారు. ఈ పత్రికను చదివే ప్రతి విద్యార్థి ఇంటిలోనో, పొరుగింటిలోనో ఒక మధుమేహి ఉన్నాడని చెప్పినచో అతిశయోక్తి కాదు.

తెలుగులో మధుమేహమనీ, ఉర్దూలో జియాబెతీస్ అనీ, రెండు భాషల సామాన్యులూ కలిసి షుగరు అనీ పిలిచే ఈ వ్యాధి కొత్తది కాదు. మూత్రం తేనెవలె ఉండి చీమలను ఆకర్షిస్తుందని మన ప్రాచీన వైద్యులు గుర్తించి ఆ పేరు పెట్టినారు. అరబ్బీ భాషలో వైద్యశాస్త్రాన్ని రచించిన ఇబ్న్ సీనా కూడ ఈ వ్యాధి లక్షణాలను వర్ణించినాడు. లక్షణాలు ఇంత ప్రాచీన కాలంనుండి తెలిసినా చికిత్స మాత్రం చాలకాలం దొరకలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలో ఆలెన్ అనే వైద్యుడు ప్రచారం చేసిన చికిత్స ఏమిటో తెలిసినచో ఒడలు గగుర్పొడుస్తుంది. అది ఆకలితో ఉంచుట. పసిపిల్లలను సైతం రోజుకు కొద్దిపాటి ఆహారంతో ఎముకల గూళ్లుగా మార్చి, మరణాన్ని కొన్ని నెలలు, అదృష్టం బాగున్నచో కొన్ని సంవత్సరాలు వాయిదా వేసేవారు. 1921లో టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనువారి కృషి వలన ఇన్సులిన్ లభించినది. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థాంప్సన్ అనే పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఆ సూది మందు ఇచ్చినారు. ఆ నాటితో ఆకలి అనే చికిత్సకు కాలం చెల్లినది. కాని శాస్త్రం వదలిపెట్టిన ఆ భావం మన సమాజంలో మాత్రం ఇంకను పోలేదు. మధుమేహి అనగా నోరు కట్టుకొనవలసినవాడనియు, ఆకలి అని చెప్పినచో అది తిండిపోతుతనమనియు మనం ఈనాటికీ అనుకొంటున్నాము.

అసలు మధుమేహికి ఆకలి ఎందుకు వేస్తుంది? మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెర కండరాలలోని కణాలలోనికి ప్రవేశించినప్పుడే శక్తి పుడుతుంది. కణాల తలుపు తెరచే తాళపుచెవి క్లోమ గ్రంథినుండి వచ్చే ఇన్సులిన్. ఒక రకం మధుమేహంలో ఆ తాళపుచెవియే తయారు కాదు. రెండవ రకంలో తాళపుచెవి ఉన్నా తాళం త్రుప్పు పట్టినట్లు తిరగదు. పోను పోను తాళపుచెవులు కూడ కొరవడుతవి. గాదెనిండ ధాన్యముండి, గాదె తలుపు తెరచుకొనక ఇంటిల్లిపాది పస్తులున్నట్లు, రక్తంనిండ చక్కెర ఉండికూడ శరీరం ఆకలితో అలమటిస్తుంది. అతిదాహం, అతిమూత్రం, అతి ఆకలి అనే మూడింటినీ ఈ వ్యాధి గుర్తులుగా వైద్యులు చెప్పుట ఇందువల్లనే. రక్తంలో చక్కెర అదుపు తప్పినవానికి వేసే ఆకలి నాలుక చాపల్యం కాదు; శరీరం పెట్టుకొన్న ఫిర్యాదు.

ఇంకొక ఆకలి కూడ ఉన్నది. మధుమేహి ఇన్సులిన్ సూది వేసుకొన్నప్పుడు గాని, క్లోమ గ్రంథిని ప్రేరేపించే కొన్ని రకాల మాత్రలు మ్రింగినప్పుడు గాని, వేళకు తినకపోయినచో చక్కెర మరీ పడిపోతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 మిల్లీగ్రాములకు తగ్గినచో చేతులు వణకుట, చెమట పట్టుట, గుండె దడ, కండ్లు తిరుగుట, విపరీతమైన ఆకలి కలుగుతవి. ఇంకను తగ్గినచో మాట తడబడి స్పృహ తప్పవచ్చును. ఆ సమయంలో వానికి కావలసినది ఉపదేశం కాదు. మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడియో నీటిలో కలిపి వెంటనే త్రాగించవలెను. పదిహేను నిమిషాల తరువాత మరల పరీక్షించి, తగ్గుదల అట్లే ఉన్నచో మరల ఇవ్వవలెను. స్పృహ లేనివాని నోటిలో మాత్రం ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మధుమేహి చేతిలో చక్కెర కనబడగానే లాగివేసే మిత్రులు ఈ ఒక్క విషయాన్ని జ్ఞాపకం పెట్టుకొనవలసి ఉన్నది.

ఇక మన విస్తరిని పరిశీలిద్దాము. విస్తరి అన్నను, దస్తర్‌ఖాన్ అన్నను దానిమీద రాజ్యం చేసేది అన్నమే. జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదు నగరంలోనే ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని గూర్చిన చిన్న పరిశోధనా కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. ఆ సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో 78 గ్రాములు పిండి పదార్థమే. ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండుకొని తినుట మన ప్రాంతంలో పెద్ద భోజనం అనిపించుకోదు. అందులో 117 గ్రాముల పిండి పదార్థం ఉన్నది. మధుమేహం వచ్చినదని తెలియగానే మనవారు చేసే మొదటి త్యాగం టీలో చక్కెర మానుట. రెండు చెంచాల చక్కెర అనగా సుమారు 10 గ్రాములు. పది గ్రాములు మానినామని గర్వపడి, నూట పదిహేడు గ్రాములను మాత్రం లెక్కలోనికి తీసుకొనకపోవుట మన పథ్యంలోని పెద్ద లోపం. అన్నం తియ్యగా ఉండదు గనుక అది చక్కెర కాదని నాలుక చెప్పే సాక్ష్యాన్ని రక్తం అంగీకరించదు.

అన్నంమీద మనకున్న ఈ మమకారాన్ని తప్పు పట్టుట మా ఉద్దేశం కాదు. తెలంగాణలోను, రాయలసీమలోను మూడు నాలుగు తరాల క్రిందట సామాన్యులకు వరి అన్నం పండుగ భోజనం. జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలు వారి నిత్యాహారం. కాల్వలు, బోరుబావులు, కొత్త వంగడాలు వచ్చి వరి పెరిగినది. 1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినది. ఆకలితో పండుకొన్న ఎన్నో కుటుంబాలకు ఆ బియ్యమే ప్రాణం నిలిపినది. 2025 ఉగాదినాడు తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇచ్చే పథకం ప్రారంభమైనది. పేదవాని విస్తరిలో తెల్లని అన్నం వడ్డించబడుట సంతోషించవలసిన విషయమే. కాని నెలకు 6 కిలోలనగా రోజుకు 200 గ్రాములు. ఆ ఒక్క గింజనుండే రోజుకు 156 గ్రాముల పిండి పదార్థం వస్తుంది. దాని సరసన పప్పు గాని, గ్రుడ్డు గాని అంత సులభంగా రాదు. కడుపు నిండే మార్గం ప్రభుత్వం చూపినది; నిండిన కడుపు రోగాన్ని తెచ్చుకొనకుండ చూచే మార్గం ఇంకను మిగిలియున్నది.

పైన చెప్పిన సర్వేవారే 2025లో ప్రకటించిన మరొక పరిశీలనలో భారతీయులు తీసుకొనే శక్తిలో 62 శాతం పిండి పదార్థాలనుండియే వస్తున్నదని తేలినది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో ధాన్యాలనుండి వచ్చే శక్తి 45 శాతం మించరాదనియు, పప్పులు, మాంసాదులనుండి 14, 15 శాతం రావలెననియు చెప్పినది. ఈ రెండు అంకెల మధ్యనున్న దూరమే మన సమస్య.

ఇక్కడ ఒక అపోహను గూర్చి చెప్పవలసి ఉన్నది. అన్నం మాని జొన్నరొట్టెలో, రాగి సంగటో, గోధుమ రొట్టెలో తిన్నచో చాలునని, అప్పుడు ఎంత తిన్నను బాధ లేదని చాలమంది నమ్మకం. జొన్నలు, రాగులు మంచివే. వాటిలో పీచు ఎక్కువ. రాగులలో సున్నం ఎక్కువ. కాని 100 గ్రాముల జొన్నలలోను, రాగులలోను కూడ పిండి పదార్థం సుమారు 67 గ్రాములు ఉన్నది. బియ్యం కన్న పది, పదకొండు గ్రాములు మాత్రమే తక్కువ. 2025 నాటి ఆ పరిశీలన కూడ ఈ మాటనే బలపరచినది. మొత్తం పిండి పదార్థాన్ని తగ్గించకుండ తెల్లబియ్యం బదులు గోధుమపిండినో, చిరుధాన్యాల పిండినో తిన్నందువలన వ్యాధి భయం తగ్గినట్లు కనబడలేదు. పిండి పదార్థంలో కొంత భాగాన్ని తగ్గించి, ఆ స్థానంలో పప్పుదినుసులు, పాలు, పెరుగు వంటి వాటి మాంసకృత్తులు చేర్చినప్పుడే తగ్గినది. కాబట్టి మార్చవలసినది గింజ పేరు మాత్రమే కాదు, గింజ కొలత.

కొలత తగ్గించినచో ఆకలి వేయదా అని ప్రశ్న. వేస్తుంది. అన్నం తగ్గించి ఆ చోటును ఖాళీగా వదలిపెట్టినచో తప్పక వేస్తుంది. మన మధుమేహులలో చాలమంది పథ్యం పదిరోజులు కూడ నిలువకపోవుటకు కారణం ఇదే. పూటకు రెండు ముద్దలు తిని లేచినవాడు మధ్యాహ్నం మూడు గంటలకు బిస్కత్తుల డబ్బా వెదకుతాడు. దానికి వాని మనోదౌర్బల్యాన్ని నిందిస్తాము. నిందింపదగినది మనస్సు కాదు, విస్తరి అమరిక. పిండి పదార్థం త్వరగా అరిగి త్వరగా ఆకలి పుట్టిస్తుంది. మాంసకృత్తులు, పీచు నెమ్మదిగా అరిగి చాలసేపు తృప్తినిస్తవి. 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు తినేవాడు బియ్యాన్ని 90 గ్రాములకు తగ్గించి, పప్పును 45 గ్రాములకు పెంచి, ఒక గ్రుడ్డును, రెండింతలు కూరను చేర్చుకొన్నాడనుకొందాము. అన్నంలోను, పప్పులోను కలిపి పిండి పదార్థం సుమారు 40 గ్రాములు తగ్గుతుంది. మాంసకృత్తులు పెరుగుతవి. కంచం మాత్రం నిండుగానే ఉంటుంది. లేచేటప్పుడు కడుపు కూడ నిండుగానే ఉంటుంది.

తినే వరుస కూడ ముఖ్యమే. కూర, పప్పు, గ్రుడ్డు, మాంసం ముందు తిని, అన్నమో రొట్టెయో చివర తిన్నచో భోజనానంతరం చక్కెర అంతగా పెరగదని 2015లో న్యూయార్కు వైద్యులు కొద్దిమంది రోగులపై జరిపిన పరీక్షలో చూపినారు. మన అలవాటు దీనికి విరుద్ధం. అన్నం ముందు పెట్టుకొని, కూరను దానికి నంజుడుగా వాడుకొంటాము. ఒక కప్పు పప్పుకూరను, దోసకాయ ముక్కలను ముందుగా తినుటకు ఖర్చు లేదు. భోజనం చేసిన తరువాత పదిహేను నిమిషాలు నడచుటకు అసలే ఖర్చు లేదు.

మన వంటలలోనే ఈ అమరికకు కావలసినవన్నీ ఉన్నవి. పెసరట్టు పూర్తిగా పప్పుతో చేసిన ఫలాహారం. దానిలో ఉప్మా కూరినప్పుడే లెక్క తప్పుతుంది. ఉడికించిన శనగలు, అలసందల గుగ్గిళ్లు, ఉలవ కట్టు, తోటకూర పప్పు, మజ్జిగ మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నవే. మా ముస్లింల ఇండ్లలో దాల్చా అనగా శనగపప్పు, సొరకాయ, మాంసం కలిసిన వంట. కాని బగారా అన్నం కుప్పగా పోసి, దాల్చాను దానిమీద చెంచాతో చల్లుకొనుట మా అలవాటు. దాల్చాను గిన్నెనిండ పోసుకొని బగారా అన్నాన్ని చెంచాతో వడ్డించుకొనే అలవాటు వచ్చిననాడు సగం వైద్యం జరిగినట్లే.

ఇంతవరకు చెప్పినదానిని విని రేపటినుండి అన్నం పూర్తిగా మానివేసెదమని ఎవరును అనుకొనరాదు. లంఖణం పరమౌషధం అన్న మాటను మనవారు ప్రతి రోగానికీ వర్తింపజేస్తారు. కొన్నేండ్ల క్రిందట తెలుగునాట అన్నం, రొట్టె సంపూర్ణంగా మానిపించి కొవ్వు పదార్థాలమీదనే మనుషులను నిలిపే పథ్యాలు కూడ విస్తారంగా ప్రచారమైనవి. పిండి పదార్థం గణనీయంగా తగ్గించినవాని మందు కూడ వైద్యుడు తగ్గించవలసి ఉంటుంది. మందు పాతది, తిండి కొత్తది అయినచో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వినికిడి వైద్యంతో ఇన్సులిన్ మానివేయుట మరీ ప్రాణాంతకం. ఎవనికి ఎంత పిండి పదార్థం తగునో వాని వయస్సు, పని, బరువు, మూత్రపిండాల స్థితి, మందులనుబట్టి వైద్యుడు చెప్పవలసినదే. అందరికీ ఒకే కొలత లేదు. ఇంటిలో రక్తపరీక్ష చేసుకొనే చిన్న యంత్రం ఉన్నచో, భోజనమైన రెండు గంటలకు చూసుకొని, ఏ వంట తన శరీరానికి ఎంతవరకు పడుతున్నదో ప్రతివాడును తెలుసుకొనవచ్చును.

ఉపవాసాల విషయం కూడ ఇక్కడ చెప్పుట అవసరం. రంజాన్ మాసంలో రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉన్నదని మన విద్యార్థులకు తెలియనిది కాదు. అయినను 2001లో 13 దేశాలలో పన్నెండు వేలకు పైగా మధుమేహులను విచారించగా, రెండవ రకం వ్యాధి ఉన్నవారిలో 79 శాతం, ఇన్సులిన్ లేనిదే బ్రతుకలేని మొదటి రకం వారిలోనే 43 శాతం కనీసం పదిహేను రోజులు ఉపవాసం ఉన్నట్లు తేలినది. వారి భక్తిని మేము గౌరవిస్తున్నాము. అయితే రోజా ఉండదలచినవారు మాసానికి ఆరు, ఎనిమిది వారాల ముందే వైద్యుని కలిసి మందుల వేళలు, మోతాదులు మార్పించుకొనవలెను. పగటిపూట వ్రేలి కొననుండి రక్తం తీసి పరీక్షించుకొనుట వలన రోజాకు భంగం లేదని పండితులు చెప్పినారు. చక్కెర 70కి తగ్గినను, 300కు మించినను వెంటనే విరమించవలెనని వైద్యుల నిర్ణయం. ఇఫ్తార్‌లో రెండు ఖర్జూరాలతో ఆగక షర్బత్తు, సమోసాలు, మీఠాలతో పగటి ఆకలికంతటికీ ఒక్కసారి బదులు తీర్చుకొనుట కూడ ఉపవాసమంత ప్రమాదకరమే. మన హిందూ సోదరులలో ఏకాదశినాడు అన్నం మాని ఆ బదులు ఉప్మాను, అరటిపండ్లను కడుపునిండ తినేవారికి, ఒంటిపొద్దు పేరిట రెండు పూటల భోజనం ఒక పూటలో ముగించేవారికి కూడ ఈ మాట వర్తిస్తుంది.

ఆకలి మనోబలానికి సంబంధించినది మాత్రమే కాదనుటకు ఈనాటి వైద్యమే నిదర్శనం. భోజనం చేసినప్పుడు ప్రేగులనుండి కొన్ని హార్మోనులు వెలువడి, చాలునని మెదడుకు కబురు చేస్తవి. వాటివలె పనిచేసే మందులు ఇప్పుడు చికిత్సలో ఉన్నవి. అట్టి మందులలో ఒకటైన టిర్జెపటైడ్ 2025లో మన దేశపు విపణిలోనికి వచ్చినది. వారానికి ఒక్క సూదితో మనిషి ఆకలి తగ్గుతున్నదన్నచో, అంతకుముందు వానికి వేసిన ఆకలి దుర్గుణం వలన వచ్చినది కాదని ఒప్పుకొనవలసినదే గదా!

అయినను సమాజం రెండు విధాల మధుమేహిని బాధిస్తున్నది. మొదటిది బలవంతం. పెండ్లిలోను, వలీమాలోను, గృహప్రవేశంలోను, ఒక్కటి తిన్నంత మాత్రాన ఏమీ కాదు, మా మీద గౌరవం లేదా అని మిఠాయి నోటికి అందిస్తారు. వద్దన్నవాడు మర్యాద తెలియనివాడు. రెండవది కాపలా. అదే మనుషులు మరునాడు వాని కంచంలోనికి తొంగిచూచి, నీకు షుగరు గదా, ఇది తినవచ్చునా అని పదిమంది ఎదుట అడుగుతారు. బలవంతం, కాపలా రెండూ మనిషిని దాచుకొనునట్లు చేస్తవి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఘోరం. సంబంధాలు తప్పిపోవునని తల్లిదండ్రులే వ్యాధిని దాచుతారు. పిల్ల స్నానాల గదిలో చాటుగా సూది వేసుకొని, వేళకు తినలేక కష్టపడుతుంది. బాల్యంలో వచ్చే మొదటి రకం మధుమేహం మిఠాయిలు తిన్నందువలన గాని, ఎవరి పాపం వలన గాని వచ్చినది కాదు. ఇక ఇంటి ఇల్లాలి సంగతి చెప్పనక్కరలేదు. అందరికీ కూర, పప్పు వడ్డించి, చివరకు మిగిలిన అన్నాన్ని పారవేయ మనసొప్పక మజ్జిగతో ముగించే తల్లికి మధుమేహం వచ్చినచో, ఆమెకు పథ్యం చెప్పుట కన్న ముందు కూరగిన్నెలో ఆమె వంతు మిగిల్చుట మన ధర్మం.

పేదవానికి గ్రుడ్లు, పప్పులు ఎక్కడివని కొందరు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. మాంసకృత్తుల ధర బియ్యం ధరతో పోల్చదగినది కాదు. కాని మధుమేహం ముదిరిన పిదప కంటికి, కాలికి, మూత్రపిండానికి అయ్యే ఖర్చు ఇంకను పెద్దది. శనగలు, ఉలవలు, అలసందలు, వేరుశనగలు, ఆకుకూరలు, మజ్జిగ ఉన్నవాటిలో చవకైనవి. అన్నం తగ్గించుటకు పైసా ఖర్చు లేదు. మిగిలిన భారాన్ని వ్యక్తి మీద వేయక, రేషను దుకాణంలో బియ్యంతో పాటు పప్పుదినుసులు కూడ విధిగా ఇవ్వవలెనని అడుగుట చదువుకొన్నవారి బాధ్యత.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వానికి విడిచి, మన కళాశాల చేయదగినవి కొన్ని పాలకవర్గం వారి ముందుంచుతున్నాము. వసతి గృహంలో అన్నానికి ముందుగా ప్రతి విద్యార్థికీ ఒక గరిటె గుగ్గిళ్లు గాని, ఉడికించిన గ్రుడ్డు గాని వడ్డించవలెను. నీళ్ల పప్పు చిక్కబడవలెను. ఇది మధుమేహులకే కాక రేపు మధుమేహులు కాగూడని వారందరికీ మేలు. కళాశాల సభలలో టీతోపాటు ఇచ్చే బిస్కత్తులకు బదులు వేయించిన శనగలు, చక్కెర లేని టీ కూడ ఉంచవలెను. కార్యాలయంలో గ్లూకోజు పొట్లం, రక్తపరీక్ష యంత్రం ఎల్లప్పుడు సిద్ధంగా ఉండవలెను. వాటిని వాడుట ఇద్దరు ముగ్గురు ఉద్యోగులకైనా నేర్పవలెను.

అన్నింటికన్న అత్యవసరమైనది పరీక్షల సమయం. మూడు గంటలు కదలక కూర్చొని వ్రాసే విద్యార్థికి చక్కెర పడిపోయినచో చేతిలోని కలం వణకుతుంది, చదివినది మరపునకు వస్తుంది. జేబులోని గ్లూకోజు బిళ్లను తీసినచో కాపీ చీటీయని అనుమానిస్తారు. ఇట్టి పరిస్థితిలో ఒక విద్యార్థి ఉత్తరపత్రం సగంలో విడిచి బయటికి వచ్చుట మేము ఎరుగుదుము. వాడు చదువనివాడు కాడు, అడుగుటకు సిగ్గుపడినవాడు. 2017లోనే కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 10, 12 తరగతుల పరీక్షలు వ్రాసే మధుమేహ విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండు, తినుబండారం, నీటి సీసా పరీక్షాగదిలోనికి తెచ్చుకొనుటకు అనుమతించినది. బడిపిల్లలకు దొరికిన ఆ వెసులుబాటు మన కళాశాల పిల్లలకు ఎందుకు దొరకరాదు? తరగతులలోను, అంతర్గత పరీక్షలలోను దీనిని అమలు చేయుటకు ఏ విశ్వవిద్యాలయపు ఉత్తరువు కోసమూ వేచియుండనక్కరలేదు. నోటీసు బోర్డుమీద తెలుగులోను, ఉర్దూలోను రెండు పంక్తుల ప్రకటన చాలును.

విద్యార్థులారా! మీలో మధుమేహం ఉన్నవారు దానిని దాచవలదు. మీ ప్రక్క బల్లమీద కూర్చొనే మిత్రునికైనా చెప్పి ఉంచండి. అవసరమైన ఘడియలో మీ ప్రాణాన్ని నిలిపేది అతడే కావచ్చును. వ్యాధి లేనివారు ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ తల్లిదండ్రుల కంచాలను ఒకసారి గమనించండి. అన్నం ఎంత ఉన్నది, పప్పు ఎంత ఉన్నది, కూర ఎంత ఉన్నది? నాన్నగారి టీలో చక్కెర తగ్గించినామని తృప్తిపడక, అన్నపు గరిటె ఒకటి తగ్గించి కూరగరిటె ఒకటి పెంచండి. పక్షం రోజులు ఆ విధంగా చేసి, మరల రక్తపరీక్ష చేయించి చూడండి. ఈ వ్యాసంలో మేము చెప్పినదానికన్న ఆ కాగితంమీది అంకె మీకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.